అసెంబ్లీ పోలింగ్ రోజే కార్పొరేటర్‌కీ ఓటు వేయిస్తే మంచిదేనా? ఒక మాజీ మున్సిపల్ అధికారి సమాధానం

ప్రశ్న అడిగినవారు విజయవాడలో ఉంటారట. ఆయన అడిగింది క్లుప్తంగా ఇదీ: "కార్పొరేషన్ ఎన్నికలు ఎప్పుడో ఒకప్పుడు విడిగా పెడుతున్నారు, అవి కూడా ఏళ్ల తరబడి ఆలస్యంగా. అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల రోజునే కార్పొరేటర్‌కీ ఓటు వేయిస్తే ఖర్చు తగ్గుతుంది, పోలింగ్ శాతం పెరుగుతుంది, ఎన్నికల కోడ్ పేరుతో పనులు రెండుసార్లు ఆగవు. లోక్‌సభ, అసెంబ్లీలకు కలిపి జమిలి ఎన్నికలు అంటున్నారు కదా, ఇది కూడా అందులో కలిపేస్తే సరిపోదా?"

నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఒకే రోజున కలపొద్దు. ఓటర్ల జాబితా ఒక్కటే ఉండాలి, రాష్ట్రంలోని నగరాలకూ పట్టణాలకూ అన్నిటికీ ఒకేసారి ఎన్నికలు జరగాలి, వీటికి నేను పూర్తిగా అనుకూలం. అసెంబ్లీ పోలింగుతో ముడిపెట్టడానికి మాత్రం ఒప్పుకోను. మీరు చెప్పిన ఆలస్యం అసలైన జబ్బు. దానికి మందు కలపడం కాదు, తేదీని ప్రభుత్వం చేతిలోంచి తీసేయడం.

నేను మున్సిపల్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఉమ్మడి రాష్ట్రంలోనూ, విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ వార్డు ఎన్నికలకు రిటర్నింగ్ అధికారిగా, అసెంబ్లీ ఎన్నికలకు సహాయ రిటర్నింగ్ అధికారిగా చేశాను. కింద రాసేదంతా ఆ అనుభవంతో రాస్తున్నదే.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడుతున్నారు. 2024 డిసెంబరు 17న లోక్‌సభలో పెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లులో మున్సిపాలిటీలు, పంచాయతీలు లేవు. అది లోక్‌సభకూ అసెంబ్లీలకూ మాత్రమే. జమిలి ఎన్నికలపై కేంద్రం వేసిన మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2024 మార్చిలో ఇచ్చిన నివేదిక స్థానిక సంస్థల గురించి చెప్పింది కానీ, అదీ ఒకే రోజున అని కాదు. ముందు లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు కలిపి జరపాలి, ఆ తర్వాత 100 రోజుల్లోపు మున్సిపాలిటీలకూ పంచాయతీలకూ జరపాలి అని సిఫారసు చేసింది. జమిలి కావాలని గట్టిగా చెప్పిన కమిటీయే ఒకే రోజు అనలేదంటే దానికి కారణం ఉంది. అసెంబ్లీ ఎన్నికలు కేంద్ర ఎన్నికల సంఘం పని. మున్సిపల్ ఎన్నికలు రాజ్యాంగంలోని 243జెడ్‌ఏ అధికరణం ప్రకారం రాష్ట్ర ఎన్నికల సంఘం పని. ఇవి రెండూ వేర్వేరు రాజ్యాంగ సంస్థలు, ఒకటి మరొకదాని కింద పనిచేయదు. ఒకే బూత్‌లో ఇద్దరి ఎన్నిక జరిగితే, పొద్దున ఏడింటికి మెషీన్ మొరాయించినప్పుడు ప్రిసైడింగ్ అధికారి ఎవరికి ఫోన్ చేయాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అసెంబ్లీ మధ్యలో రద్దయితే మిగిలిన కాలానికే కొత్త సభ అన్న నియమాన్ని ఆ బిల్లులో కొత్త సంగతిగా చర్చిస్తున్నారు. మున్సిపాలిటీలకు ఆ నియమం 1993 జూన్‌లో 74వ సవరణ అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఉంది. ఐదేళ్లు, అంతకు మించి ఒక్క రోజూ లేదు. గడువు తీరకముందే ఎన్నిక పూర్తికావాలి, రద్దయితే ఆరు నెలల్లో జరగాలి, కొత్తగా వచ్చినవాళ్లు మిగిలిన కాలానికే ఉండాలి. ఇవన్నీ 243యు అధికరణంలో ఉన్నాయి. అంటే క్రమం తప్పకుండా ఎన్నికలు జరపడానికి కావలసిన చట్టం మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది. పాటించకపోవడమే మన సమస్య.

పోలింగ్ శాతం సంగతి. కలపాలనేవాళ్ల చేతిలో ఉన్న మంచి వాదన ఇదే. అమెరికాలో ఇది నిజంగానే పనిచేసింది. లాస్ ఏంజిలస్‌లో 2013, 2017 మేయర్ ఎన్నికలకు నూటికి పాతిక మంది కూడా రాలేదు. 2015లో ప్రజలే ఓటు వేసి నగర ఎన్నికలను రాష్ట్ర, జాతీయ ఎన్నికలు జరిగే సరి సంవత్సరాలకు మార్చుకున్నారు. 2022 నవంబరులో అక్కడ మేయర్ ఎన్నికకు పోలింగ్ 40 శాతం దాటింది. శాన్‌ఫ్రాన్సిస్కో కూడా 2022లో అదే దారి పట్టింది. విడిగా జరిగినప్పుడు సొంత ఇళ్లవాళ్లు, సంఘటితంగా ఉండే ఉద్యోగులు మాత్రమే ఓటేసి, అద్దెకుండేవాళ్లు, కుర్రవాళ్లు ఇంట్లో ఉండిపోవడం అక్కడి బాధ. ఆ బాధకు అది సరైన మందే. అమెరికాలో ఉన్న మనవాళ్లు దీని గురించి అడిగితే నేను కాదనను.

మన లెక్కలు వేరు. హైదరాబాద్‌నే తీసుకోండి. జీహెచ్‌ఎంసీకి, అంటే గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్‌కి, 2009లో 42 శాతం, 2016లో 45 శాతం, 2020 డిసెంబరులో 46 శాతం పైచిలుకు పోలింగ్ జరిగింది. ఇంత తక్కువా అని అందరూ బాధపడ్డాం. మరి 2024 లోక్‌సభ ఎన్నికల్లో హైదరాబాద్ నియోజకవర్గంలో పోలింగ్ ఎంత? 48 శాతం పైచిలుకు. సికింద్రాబాద్‌లో 49. దేశ ప్రధాని ఎవరో తేల్చే ఎన్నికకు కూడా ఆ నగరం ఇల్లు కదల్లేదు. రెండు ఎన్నికలూ కలిపితే రెండు మూడు శాతం పెరుగుతుందేమో, అంతకు మించి ఆశపడటానికి ఆధారం లేదు. రెండు చోట్ల ఓటున్నవాళ్లు, ఇల్లు మారినా జాబితాలో పేరు మార్చుకోనివాళ్లు, పోలింగ్ సెలవుకు ఊరెళ్లిపోయేవాళ్లు ఉన్నంతకాలం హైదరాబాద్ శాతం ఏ ఎన్నికకైనా అంతే ఉంటుంది. చాలావరకు అది జాబితా జబ్బు.

ఇక చిన్న పట్టణాలు. తెలంగాణలో 2020 జనవరి మున్సిపల్ ఎన్నికల్లో పోలింగ్ 70 శాతం దాకా వచ్చింది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తానికి 71. ఏం తేడా ఉంది చెప్పండి? వార్డు ఎన్నిక అంటే పట్టణంలో బంధువుల ఎన్నిక, ఎదురింటివాళ్ల ఎన్నిక. జనం వస్తారు. పోలింగ్ పెంచడం కోసం కలపాలన్న అవసరం అక్కడ అసలే లేదు.

ఇప్పుడు ఎక్కువసేపు చెప్పాల్సిన సంగతికి వస్తాను. కలిపితే ఏమవుతుందో మన రాష్ట్రం ఒకసారి చూసింది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఎన్నికైన మున్సిపల్ పాలకవర్గాల గడువు 2010 సెప్టెంబరులో తీరింది. ఆ తర్వాత మూడున్నరేళ్లు ప్రత్యేకాధికారుల పాలన, అంటే ఎన్నికైనవాళ్ల బదులు ప్రభుత్వం పెట్టిన అధికారులే. చివరికి కోర్టులు గట్టిగా పట్టుకోవడంతో 2014 మార్చి 30న పోలింగ్ పెట్టారు. అప్పటికే సార్వత్రిక ఎన్నికలు నెత్తిమీదకి వచ్చేశాయి. ఏప్రిల్ 30న తెలంగాణలో, మే 7న సీమాంధ్రలో పోలింగ్. మున్సిపల్ ఫలితాలు ముందే వస్తే వాటి ప్రభావం అసెంబ్లీ ఓటు మీద పడుతుందని అభ్యంతరాలొచ్చాయి. కోర్టుల ఆదేశాలతో లెక్కింపు వాయిదా పడి, మే 12న జరిగింది. మే 16న సార్వత్రిక ఫలితాలు. అంటే ఒకే రోజు కాకపోయినా, ప్రచారం దాదాపు కలిసే జరిగిందన్నమాట.

నేనప్పుడు కోస్తాలో ఒక మున్సిపాలిటీలో ఉన్నాను. నెలన్నర పాటు ఈవీఎంలు స్ట్రాంగ్ రూమ్‌లో ఉన్నాయి. బయట షామియానా కింద అభ్యర్థుల మనుషులు వంతులవారీగా పడుకునేవారు, తాళానికి వేసిన సీలు పొద్దునా సాయంత్రం చూసుకుని వెళ్లేవారు. ఆ టెన్షన్ ఎలాగోలా భరించాం. నన్ను నిజంగా బాధపెట్టింది ప్రచారం. అంతకుముందు ఎన్నికల్లో మా పట్టణంలో కౌన్సిలర్ అభ్యర్థుల కరపత్రాలు నేను జాగ్రత్తగా చదివేవాణ్ని, ఎందుకంటే మర్నాటి నుంచి ఆ హామీలే నా టేబుల్ మీదకి వస్తాయి. ఫలానా వీధి చివర కల్వర్టు కడతాం, శ్మశానానికి రోడ్డు వేస్తాం, మార్కెట్ వెనకాల మురుగు నిలవకుండా చేస్తాం అని ఉండేది. 2014లో చూసిన కరపత్రాల్లో పైన పార్టీ అధినేత ఫొటో, దాని పక్కన ఎమ్మెల్యే అభ్యర్థి ఫొటో, కింద చిన్నగా కౌన్సిలర్ అభ్యర్థి. లోపలంతా రాష్ట్ర విభజన, కొత్త రాజధాని, రుణమాఫీ. కల్వర్టు గురించి ఒక్క వాక్యం లేదు. రాయాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే వీధుల్లో కూడా జనం మాట్లాడుకుంటున్నది రాష్ట్రం సంగతులే.

బీ ఫారాలు, అంటే పార్టీ టిక్కెట్లు, ఇచ్చిన తీరు కూడా అలాగే ఉంది. వార్డులో ఎవరికి పేరుందని చూడలేదు. నెల తర్వాత వచ్చే అసెంబ్లీ పోలింగ్‌కి ఆ వార్డులో బూతుల ఖర్చు ఎవరు భరిస్తారని చూశారు. అన్ని పార్టీలూ ఇదే పని చేశాయి. పదేళ్లుగా ఆ వీధుల్లో తిరిగినవాళ్లు కొందరు టిక్కెట్టు రాక పక్కకి తప్పుకున్నారు. గెలిచినవాళ్లలో మంచివాళ్లు లేరని నేననను. వాళ్లు ఎన్నికైన కారణం మాత్రం వార్డు కాదు. ఒకే రోజున పోలింగ్ పెడితే ఈ ధోరణి ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. జనం పై మెషీన్ మీద ఏ గుర్తు నొక్కుతారో, కింది మెషీన్ మీదా అదే నొక్కుతారు. పార్టీలకు అది సుఖం. వార్డుకు నష్టం.

విడిగా జరిగితే నగరం ఏం చెప్పగలదో 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నిక చూపించింది. 2016లో 150 డివిజన్లలో టీఆర్‌ఎస్‌కి 99 వచ్చాయి. 2018 డిసెంబరులో అదే పార్టీ రాష్ట్రంలో భారీగా గెలిచింది. 2020 అక్టోబరులో వరదలొచ్చి కాలనీలకు కాలనీలు మునిగాయి. కుటుంబానికి పదివేల సాయం పంపిణీలో గొడవలు జరిగాయి, కోడ్ వచ్చాక రాష్ట్ర ఎన్నికల సంఘం దాన్ని ఆపించింది. డిసెంబరులో ఓటు పడింది. టీఆర్‌ఎస్ 56కి దిగింది, నాలుగు డివిజన్లు ఉన్న బీజేపీ 48కి వెళ్లింది. ఏ పార్టీ మంచిది, ఏది కాదు అన్నది ఇక్కడ నా విషయం కాదు. ఆ ప్రచారంలో మతం, ఢిల్లీ నాయకులు, అన్నీ ఉన్నాయి, కాదనను. అయినా నాలాలు (వాన నీటి కాలువలు), చెరువు శిఖం భూములు (చెరువు నీరు నిలిచే భూములు), మునిగిన ఇళ్లు అనే మాటలు ఒక పెద్ద ఎన్నికలో ముందు వరుసలో వినిపించాయి. ప్రభుత్వం ఏర్పడిన రెండేళ్లకు దానికి నగరం నుంచి ఒక హెచ్చరిక వెళ్లింది. అసెంబ్లీతో కలిపి ఉంటే తర్వాతి అవకాశం 2023లోనే వచ్చేది, అప్పటికి వరద నీరు ఎప్పుడో ఇంకిపోయేది.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, అది బలమైనదే. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక నగరంలో పాత పార్టీ పాలకవర్గం ఉంటే ఏమవుతుందో చూస్తున్నాం కదా అంటారు. నిజమే. తెలంగాణలో 2023 డిసెంబరు తర్వాత ఎన్నో మున్సిపాలిటీల్లో అవిశ్వాసాలు వచ్చి చైర్‌పర్సన్లు దిగిపోయారు. విశాఖలో 2021లో వైఎస్సార్‌సీపీ గెలుచుకున్న మేయర్ పదవి 2025 ఏప్రిల్‌లో అవిశ్వాసంతో టీడీపీకి వెళ్లింది. కౌన్సిలర్లను బస్సుల్లో ఎక్కించి క్యాంపులకు తీసుకెళ్లడం చూసి ఎవరికైనా బాధ కలుగుతుంది. కానీ దీనికి కారణం ఎన్నికల తేదీ కాదు. మన మేయర్, చైర్‌పర్సన్ ఎన్నిక పరోక్షం, పైగా ఎమ్మెల్యేలకూ ఎంపీలకూ పదవిని బట్టి వచ్చే ఎక్స్ అఫీషియో ఓటు ఉంది. నిధులు రాష్ట్రం ఇస్తే తప్ప రోడ్డు పడదు. కౌన్సిలర్ పార్టీ మారకుండా ఏం చేస్తాడు? ఆర్థిక సంఘం నిధులు, ఆస్తి పన్ను వంటి సొంత ఆదాయం నగరం చేతికి సరిగా ఇవ్వండి, ఎక్స్ అఫీషియో ఓట్లు తీసేయండి, అప్పుడు చూద్దాం ఎంతమంది మారతారో.

ఇక పోలింగ్ బూత్ లోపలికి వద్దాం. ఈ చర్చ చేసేవాళ్లలో ఎక్కువమంది బూత్‌లో ఒక రోజంతా కూర్చున్నవాళ్లు కారు, అందుకే ఈ భాగం వివరంగా రాస్తున్నాను.

అసెంబ్లీ ఓటర్ల జాబితా పార్టుల (భాగాల) వారీగా ఉంటుంది, ఒక్కో పార్టుకు ఒక పోలింగ్ స్టేషన్. మున్సిపల్ జాబితా వార్డుల వారీగా ఉండాలి. రాష్ట్ర ఎన్నికల సంఘం అసెంబ్లీ జాబితానే తీసుకుంటుంది, మున్సిపల్ సిబ్బంది దాన్ని వార్డులుగా విడగొడతారు. కాగితం మీద తేలిక. వీధిలోకి వెళ్తే తెలుస్తుంది. మా పట్టణంలో ఒక అపార్ట్‌మెంట్ ఉండేది. గేటు ఒక రోడ్డు మీద, డోర్ నంబరు వెనక రోడ్డుది. ఆ రెండు రోడ్ల మధ్యే వార్డు హద్దు. అసెంబ్లీ జాబితాలో కొందరు పాత డోర్ నంబరుతో, కొందరు కొత్త నంబరుతో, కొందరు ఫ్లాట్ నంబరు మాత్రమే రాయించి ఉన్నారు. ఫలితంగా భార్య ఒక వార్డులో, భర్త ఇంకో వార్డులో పడ్డారు. బిల్ కలెక్టర్లు, శానిటరీ సిబ్బంది జాబితా చేత్తో పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పెన్సిల్‌తో మార్కు చేస్తే తప్ప అది తేలలేదు. ఒక్కో పార్టులో ఇలా రెండు, ఒక్కోసారి మూడు వార్డుల ఓటర్లు కలగలిసి ఉంటారు.

ఇప్పుడు ఒకే రోజు పోలింగ్ అనుకోండి. ఆ పార్టు బూత్‌లో అసెంబ్లీకి ఒక మెషీన్, లోక్‌సభకి ఒకటి చాలు, ఎందుకంటే నియోజకవర్గం ఒక్కటే. కార్పొరేటర్ ఓటుకో? వచ్చిన మనిషిది ఏ వార్డో చూసి, ఆ వార్డు అభ్యర్థులున్న మెషీన్ దగ్గరికే పంపాలి. ఒకే గదిలో రెండు వార్డుల మెషీన్లు పెడితే తప్పుడు మెషీన్ మీద ఓటు పడకుండా ఎవరు ఆపగలరు? ఆపలేకపోతే ఆ వార్డు ఫలితం కోర్టుకెక్కుతుంది. వార్డు హద్దులనూ పార్టు హద్దులనూ ముందే ఒకటి చేస్తే తప్ప ఇది సాధ్యం కాదు.

సమయం ఇంకో సమస్య. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో అసెంబ్లీ, లోక్‌సభ రెండే ఓట్లు. ఆరింటికి ముగియాల్సిన పోలింగ్ వేల బూతుల్లో రాత్రి దాకా సాగింది, కొన్నిచోట్ల అర్ధరాత్రి దాటాక కూడా జనం క్యూలో ఉన్నారు. పోలింగ్ 81 శాతం దాటింది, గర్వపడాల్సిందే. అయితే పోలింగ్ సిబ్బంది ముందురోజు పొద్దున సామగ్రి తీసుకోవడానికి డిస్ట్రిబ్యూషన్ సెంటర్‌కి వస్తారు, రాత్రి బూత్‌లోనే పడుకుంటారు, తెల్లవారుజామున మెషీన్ పరీక్షించడానికి మాక్ పోల్ పెడతారు, పోలింగ్ అయ్యాక ఫారాలు నింపి, సీళ్లు వేసి, రిసెప్షన్ సెంటర్‌లో మళ్లీ క్యూ కడతారు. మధ్యవయసు టీచర్లు, షుగర్ మాత్రలు సంచిలో పెట్టుకుని వచ్చే ఆడవాళ్లు ఈ పని చేస్తారు. మూడో ఓటు, దానికి మూడో రిజిస్టరు, మూడో లెక్క వాళ్ల మీద వేస్తే తప్పులు పెరుగుతాయి. ఆరోగ్యం సంగతి సరేసరి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. ఇండోనేషియా 2019 ఏప్రిల్ 17న అధ్యక్షుడికి, జాతీయ చట్టసభలకు, ప్రాంతీయ, జిల్లా సభలకు కలిపి ఒకే రోజు ఓటు వేయించింది. చాలాచోట్ల ఓటరు చేతిలో ఐదు బ్యాలెట్లు. లెక్కింపు కూడా బూత్‌లోనే చేతితో చేయాలి. అలసటతో, అలసట వల్ల ముదిరిన జబ్బులతో దాదాపు 900 మంది పోలింగ్ సిబ్బంది చనిపోయారు. చివరికి 2025 జూన్‌లో ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం 2029 నుంచి జాతీయ ఎన్నికలూ స్థానిక ఎన్నికలూ విడిగా జరగాలని, రెండింటి మధ్య కనీసం రెండేళ్ల ఎడం ఉండాలని తీర్పు ఇచ్చింది. స్థానిక విషయాలు జాతీయ ప్రచారంలో మునిగిపోతున్నాయన్నది కూడా ఆ కోర్టు చెప్పిన కారణాల్లో ఒకటి. కలిపి చూసిన పెద్ద దేశం విడదీస్తుంటే, మనం కలపడానికి తొందరపడటం ఎందుకు?

కోర్టు కేసులు. ప్రతి మున్సిపల్ ఎన్నికకూ ముందు వార్డుల పునర్విభజన, బీసీ ఓటర్ల లెక్క, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మహిళా రిజర్వేషన్ల ఖరారు ఉంటాయి. పక్క గ్రామాలను విలీనం చేస్తే ఇంకా చిక్కు. ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు హైకోర్టుకి వెళ్తారు, వెళ్లే హక్కు వాళ్లకుంది. 2021 మార్చిలో ఏలూరులో ఓటర్ల జాబితా వివాదం కోర్టుకెళ్లి, పోలింగ్ మార్చి 10న అందరితో పాటు జరిగినా, లెక్కింపు జులై 25 దాకా ఆగింది. అసెంబ్లీ తేదీ ఏ వార్డు కోసమూ ఆగదు, ఆగకూడదు. కలిపి పెడితే రెండే దారులు. వివాదం తేలకుండానే తప్పుల జాబితాతో ఎన్నిక జరిపించడం, లేదా ఆ నగరాన్ని వదిలేయడం. వదిలేసిన నగరం మళ్లీ విడిగానే కదా ఎన్నిక జరుపుకోవాలి? అప్పుడు ఖర్చు ఎక్కడ మిగిలింది?

ఖర్చు గురించి నాలుగు మాటలు చాలు. బూతులు, పోలీసులు, వాహనాలు కొంత కలిసొస్తాయి. అదనపు మెషీన్లు, అదనపు సిబ్బంది, విడి శిక్షణ, విడి లెక్కింపు మాత్రం తప్పవు. ఇంకోవైపు, ఎన్నికైన పాలకవర్గం లేని స్థానిక సంస్థలకు కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. పోలింగ్‌లో మిగిల్చేదానికంటే ఆలస్యంలో పోగొట్టుకునేది ఎక్కువ.

అసలు జబ్బు ఆలస్యమే అని మొదట్లో అన్నాను. మీ ప్రశ్నలో నన్ను కదిలించింది కూడా ఆ మాటే. విశాఖపట్నానికి 2012 నుంచి 2021 దాకా కార్పొరేటర్ లేడు. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం దిగిపోయాక ఆ పట్టణం కార్పొరేషన్ అయింది, 2014లో గానీ 2021లో గానీ అక్కడ ఓటు పడలేదు. చెన్నై 2016 నుంచి 2022 దాకా, ముంబయి 2022 మార్చి నుంచి 2026 జనవరి దాకా అలాగే ఉన్నాయి. బెంగళూరు పాలకవర్గం గడువు 2020 సెప్టెంబరులో తీరిపోయింది, ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎన్నిక జరగలేదు. ఐదేళ్ల గడువు తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2006లోనే అహ్మదాబాద్ కేసులో చెప్పింది, 2022లో మధ్యప్రదేశ్ కేసులో మళ్లీ చెప్పింది.

ప్రత్యేకాధికారి పాలనలో పనిచేసినవాణ్ని కనుక చెబుతున్నాను. ఆ అధికారి మంచివాడే అయివుంటాడు, కానీ ఆయనకు ఇంకా అరడజను బాధ్యతలుంటాయి. ఒక కాలనీలో తాగునీటి పైపులోకి మురుగు కలుస్తోందని జనం అర్జీ పెట్టారు. కౌన్సిలర్ ఉండి ఉంటే పొద్దున్నే ఆ నీళ్లు సీసాలో పట్టుకుని ఆఫీసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టేవాడు, సాయంత్రానికి ఫిట్టర్‌ని పంపేదాకా కదిలేవాడు కాదు. అప్పుడా పని చేసే మనిషి లేడు. అర్జీ ఇన్‌వార్డు నంబరు పడి, సెక్షన్‌కి వెళ్లి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) సెలవులో ఉంటే అక్కడే ఆగి, పిల్లలు విరేచనాలతో ఆసుపత్రిలో చేరాక గానీ కదల్లేదు. అందుకే ఎన్నిక ఆలస్యమవడాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను.

అసెంబ్లీతో కలిపితే ఈ ఆలస్యం పోతుంది, ఎందుకంటే అసెంబ్లీ ఎన్నిక ఎవరూ ఆపలేరు అని మీరనవచ్చు. కలపాలనే వాదనల్లో నేను అన్నిటికంటే గౌరవించేది ఇదే. కానీ కలపకుండానే గడువు పాటించిన రాష్ట్రం దక్షిణాదిలోనే ఉంది. కేరళలో స్థానిక ఎన్నికలు 2010, 2015, 2020, 2025లో జరిగాయి. కోవిడ్ ఏడాది గడువు ఒక నెల దాటినా డిసెంబరుకల్లా పూర్తిచేశారు. పంచాయతీలు, మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు అన్నీ ఒకేసారి, అసెంబ్లీకి నాలుగు నుంచి ఆరు నెలల ముందు. పోలింగ్ అసెంబ్లీకి పెద్దగా తీసిపోదు. వార్డుల విభజనకు అక్కడ విడిగా డీలిమిటేషన్ కమిషన్ ఉంది. మన దగ్గర వార్డుల విభజన, రిజర్వేషన్ల ఖరారు రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. ఓడిపోతామన్న అనుమానం వస్తే ఆ రెండు ఫైళ్లు కదలవు. ఏ పార్టీ అధికారంలో ఉన్నా నేను చూసింది ఇదే.

కనుక నన్నడిగితే చేయాల్సింది ఇదీ. రాష్ట్రంలోని అన్ని నగరాలకూ పట్టణాలకూ ఒకే నెలలో, అసెంబ్లీ కాలం సగానికి అటూ ఇటూగా ఎన్నిక జరగాలని చట్టంలో రాయాలి. ఒకసారి అందరినీ ఒక వరుసలోకి తేవడానికి కొన్ని పాలకవర్గాల కాలం తగ్గించాల్సి వస్తే తగ్గించొచ్చు, పెంచడానికి మాత్రం రాజ్యాంగం ఒప్పుకోదు. వార్డుల విభజన, రిజర్వేషన్లు గడువుకు ఏడాది ముందే తేలిపోవాలి, ఆ పని రాష్ట్ర ఎన్నికల సంఘానికో విడి కమిషన్‌కో అప్పగించాలి. అప్పుడు కేసులు తేలడానికి కూడా సమయం ఉంటుంది. అసెంబ్లీ జాబితాలో ప్రతి ఓటరు పేరు పక్కన వార్డు నంబరు శాశ్వతంగా ఉండాలి, పార్టు హద్దు వార్డు హద్దు దాటకూడదు. కోవింద్ కమిటీ చెప్పిన ఒకే జాబితా ఆలోచనలో నాకు నచ్చిన భాగం ఇదే. దీనికి జమిలి దాకా ఆగక్కర్లేదు.

మీరు వ్యక్తిగతంగా ఏం చేయొచ్చో కూడా చెబుతాను, ఇది చాలామందికి తెలియదు. మున్సిపల్ జాబితాలో నేరుగా కొత్త పేరు చేర్చరు. అసెంబ్లీ జాబితాలో పేరు ఉంటేనే వార్డు జాబితాలోకి వస్తుంది. లేకపోతే కొత్తగా పేరు చేర్చే ఫారం 6 ఇప్పుడే పెట్టండి, ఎన్నికల నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగకండి. వార్డు ముసాయిదా జాబితా అతికించినప్పుడు వార్డు సచివాలయానికి వెళ్లి మీ ఇంట్లో అందరి పేర్లూ ఒకే వార్డులో ఉన్నాయో లేదో చూసుకోండి. వేరే వార్డులో పడితే అభ్యంతరం రాసిచ్చి, రసీదు తీసుకోండి. దానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. మీ అపార్ట్‌మెంట్ సంఘం తరఫున అందరివీ కలిపి ఒకే కాగితం మీద డోర్ నంబర్లతో సహా ఇస్తే సిబ్బందికి సరిచేయడం ఇంకా తేలిక.